ముప్పై ఆరో ఫోటో

సుధాకర్ సార్ పోయారన్న కబురు నాకు చెప్పింది ఓబులేసు. ఒకప్పుడు మా పక్క ఊళ్ళో నాలాగే వాలంటీరుగా పనిచేసిన మనిషి. పొద్దున్నే ఫోన్ చేసి, చావు కబురు రెండు ముక్కల్లో ముగించి, అసలు సంగతికి వచ్చాడు. సార్ పేరు మీద పాత వాలంటీర్లంతా కలిసి చిన్న పుస్తకం వేస్తున్నారట. తలా రెండు పేజీలు రాయాలట.

"నువ్వు రాసేదానివి కదక్కా, నాలుగు మంచి మాటలు రాయి," అన్నాడు.

"మంచి మాటలే కావాల్నా?"

"సచ్చిపోయినాడు కదక్కా ఆయన. ఇంగా యాడికి లాగుతావు ఆ పాత కత?"

"ఊరందరి ముందర నాకు బుద్ధి లేదన్నాడు ఓబులేసూ. నీకు గుర్తుండదు."

"యాడ మర్సిపోనిస్తావు నువ్వు? ఏడాదికోసారి చెప్తానే ఉంటివి," అని నవ్వాడు.

చావు కబురు చెప్పిన నోటితోనే నవ్వాడు. దాన్ని కూడా నేను మరిచిపోను. మరిచిపోవడం నాకు చేతకాదు. మూడో తరగతిలో నా పలక మీద దూది అంటుకుని ఉందని పక్క పిల్ల లేచి దూరంగా కూర్చోవడం, ఒక పెళ్ళిలో మా అమ్మ ఆకులో పప్పు అడుగంటిన గిన్నె గోకి వడ్డించడం, ఇవన్నీ నిన్న జరిగినట్టే ఉన్నాయి నాకు. ఎవరైనా పెద్దమనసు చేసుకొమ్మంటే ఒళ్ళు మండుతుంది. సార్ గురించి నేను రాయాల్సింది రెండు పేజీల్లో పట్టేది కాదు, రాసినా ఓబులేసు అచ్చు వేయించేదీ కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది గుమ్మఘట్ట దాటినాక కర్ణాటక పొలిమేరను ఆనుకుని ఉండే పల్లె. నాయన దూదేకేవాడు. వసారాలో దూలానికి వేలాడే పెద్ద విల్లు, దాని తాడు మీద కొయ్యగుండుతో ఆయన కొట్టే దెబ్బ, ఆ మోతకు వణికే గోడ. నేను పుట్టినప్పటి నుంచీ వింటున్న మోత కాబట్టి, అది ఆగినప్పుడే నాకు మెలకువ వచ్చేది. దూది ఎక్కడపడితే అక్కడ ఉండేది. సంగటి ముద్ద మీద, నీళ్ళ కడవ మూత మీద, అవ్వ కనుబొమ్మల మీద. ఏకడానికి వచ్చే పాత పరుపులకు ఒక్కో ఇంటి వాసన ఉండేది. ఒకదానికి బాలింత కషాయం వాసన, ఇంకొకదానికి మంచంపట్టిన ముసలాయన వాసన. నాయన ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆ వాసనలన్నీ దులిపి, తెల్లగా పొంగిన దూదిని నేల మీద కుప్ప పోసేవాడు. లోపల అమ్మ వేరుశనగ పొట్టుతో పొయ్యి రాజేసేది. ఆ పొగ తియ్యగా, కమురుగా ఉండేది. రోట్లో ఊరిబిండి నూరుతుంటే ఎండుమిరపకాయ ఘాటు వసారాదాకా వచ్చి, నాయన ముక్కుకు కట్టుకున్న గుడ్డలోంచి తుమ్మేవాడు. మా ఇంట్లో ఆ తుమ్మే అన్నానికి పిలుపు.

అవ్వది ఒకటే పట్టింపు, నీళ్ళు. మొహం కడుక్కున్న నీళ్ళు మేకకు, గిన్నెలు కడిగిన నీళ్ళు సొరపాదుకు పోవాలి. పాలు ఒలికితే తిట్టేది, నీళ్ళు ఒలికితే కొట్టేది. వాన మొహం చాటేసిన ఏడాది మా ఊళ్ళో ఎవరూ పరుపు కుట్టించుకునేవారు కాదు. వేరుశనగ చెట్టు పీకితే కాయ వచ్చేది, కాయ ఒలిస్తే లోపల పప్పు ఉండేది కాదు. అట్లాంటి ఏళ్ళలో నాయన విల్లు వారాల తరబడి ఊరికే వేలాడేది. ఆ నిశ్శబ్దంలో అమ్మ, అవ్వ చిన్న చిన్న వాటికి కొట్లాడుకునేవారు.

నేను వాలంటీరునైంది అట్లాంటి ఒక ఏడాదే. రాయదుర్గంలో అద్దె ఇల్లు తీసుకుని ఎవరో ఒక చిన్న సంస్థ పెట్టారు, పేద పిల్లల కోసమని. అది ఎత్తిపోయి చాలా ఏళ్ళైంది, పేరు చెప్పినా ఎవరికీ తెలియదు. మా ఊళ్ళో పది పాసైన ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి నన్ను పెట్టుకున్నారు. జీతం లేదు. పొద్దున పిల్లలకు జావ కాచి పోయాలి, అక్షరాలు దిద్దించాలి, మధ్యాహ్నం నిద్రపుచ్చాలి. బడి పక్కనున్న పాత కొట్టమే మా బాలవాడి. రాతి బండల నేల. చలికాలం పిల్లలు ఆ బండల మీద ముడుచుకుని పడుకోవడం చూసి, నాయన ఇంటికి పోయి విల్లు పట్టాడు. నెల రోజులు కష్టపడి, పాత దూది కూడబెట్టి, పన్నెండు చిన్న పరుపులు కుట్టాడు. పైగుడ్డ అమ్మ పాత చీరలు. కుట్లు అవ్వ వేసింది, చూపు సరిగా ఆనకపోయినా. పని లేక మేము ఒక పూట తింటున్న రోజులవి.

ఆ ఏడాది చివర కొట్టం గోడకు ఒక బోర్డు తగిలించారు. పైన "దాతలు" అని రాసి, కింద పేర్లు. గోడ గడియారం ఇచ్చిన రాయదుర్గం షాపాయన పేరు ఉంది. నీళ్ళ డ్రమ్ము ఇచ్చిన కాంట్రాక్టరు పేరు ఉంది. నాయన పేరు లేదు. సూపర్‌వైజరుగా వచ్చే సుధాకర్ సార్‌ను అడిగాను. ఆయన బోర్డును కింది నుంచి పైదాకా చూసి, "స్థలం సాల్లేదమ్మా," అన్నాడు. ఆ రాత గాడిదంత అక్షరాలతో ఉంది. కొంచెం చిన్నగా రాస్తే ఇంకో నాలుగు పేర్లు పట్టేవి. ఆ మాట కాగితం మీద పెట్టి ఆఫీసుకు పంపాను. నేను రాసిన మొదటి ఫిర్యాదు అది. జవాబు రాలేదు. నాయన మాత్రం, "బోర్డు మీద పండుకుంటారా పిల్లోల్లు? పరుపు మీద పండుకుంటారు, సాల్లే," అన్నాడు. ఆయనకు చాలింది. నాకు చాలలేదు.

సుధాకర్ సార్ మీద నా కోపం అలా ముందే మొదలైంది. తర్వాత జరిగినదానికి ఇది కూడా కారణమే కాబట్టి చెబుతున్నాను.

సంస్థకు దుడ్లు దూర దేశాల నుంచి వచ్చేవి. పద్ధతి ఏమిటంటే, ఏడాదికోసారి మా పిల్లల ఫోటోలు తీసి అక్కడికి పంపుతారు. అక్కడ ఎవరో ఒకరు ఆ ఫోటోలు చూసి ఒక బిడ్డను ఎంచుకుంటారు. ఎంచుకున్న బిడ్డ పేరున కార్డు వస్తుంది. కార్డు వచ్చిన బిడ్డకు బట్టలు, పుస్తకాలు, జబ్బు చేస్తే మందులు, బడి వయసు రాగానే రాయదుర్గంలో హాస్టలు. కార్డు రాని బిడ్డకు జావ మాత్రమే.

మా ఇంటికి రెండిళ్ళ అవతల నరసమ్మ ఉండేది, కూలికి పోయే మనిషి. మొగుడు ముందే బెంగళూరు పోయి బిల్డింగు పనిలో కుదిరాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు గంగమ్మ, అప్పటికి ఏడేళ్ళది. బాలవాడికి రావాల్సిన వయసు దాటినా, బడికంటే ముందు నా దగ్గరికే వచ్చేది. నేను చెప్పిన అక్షరం చెప్పినట్టు పట్టుకునేది. బొగ్గుముక్కతో ఊళ్ళో గోడలన్నీ ఖరాబు చేసి ఇంటింటా తిట్లు తినేది. "హుసేనక్కా, ఇంగోటి చెప్పు" అని నా కొంగు పట్టుకుని తిరిగేది. నాకు అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఎవరూ అంత ఇష్టంగా అతుక్కోలేదు. ముప్పై ఏళ్ళు టీచరు ఉద్యోగం చేసి చెబుతున్నాను ఈ మాట.

ఆ ఏడాది ఫోటోలకు ముందు నరసమ్మ మా వసారాలోకి వచ్చి కూర్చుంది. మొగుడి నుంచి కబురొచ్చిందని చెప్పింది.

"కార్డొస్తే పాపను హాస్టల్లో ఏసి నేనొక్కదాన్నే పోతా హుసేనమ్మా. రాకపోతే ఎంటబెట్టుకోని పోవాల్సిందే. ఆడ చిన్నపిల్లోల్ల చేత ఇసుక జల్లెడ పట్టిస్తారంట. నువ్వే చూసుకోవల్ల."

"నా చేతిలో ఏముండాది నరసక్కా, ఆ దేశమోల్లు కదా ఎంచేది?"

"పోటో నీ చేతిలో ఉండాది కదా," అంది.

ఫోటో అంటే మా ఊళ్ళో ఆ రోజుల్లో పెళ్ళికి తీసేది. అంతకుమించి చాలామందికి బతుకులో ఇంకో ఫోటో లేదు. అందుకని ఆ పొద్దు ఊరంతా పిల్లలకు ముస్తాబులు చేయడంలో మునిగింది. ఎరువు బట్టలు, ఎరువు గొలుసులు ఇంటి నుంచి ఇంటికి తిరిగాయి. నరసమ్మ వేరుశనగ చెట్టు పీకే పనికి పోతూ గంగమ్మను మా ఇంట్లో వదిలి పోయింది. పీర్ల పండగకు మా చెల్లెలికి కుట్టించిన ఆకుపచ్చ పావడా తీశాను. దానికి జరీ అంచు. తలకు నూనె బాగా దట్టించి, రెండు జడలు వేసి, మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టాను. కనకాంబరాలు పెట్టాను. మొహానికి పౌడరు, బుగ్గన చుక్క. అవ్వ తన పెట్టె తీసి, ఎవరినీ తాకనివ్వని బంగారు పూత గొలుసు తెచ్చి స్వయంగా ఆ పిల్ల మెడలో వేసింది.

"పోటో అంటే ఊరికేనా? మనం పోయినాంక మిగిలేది అదే. బాగా తీపిచ్చుకోవల్ల," అంది అవ్వ.

గంగమ్మ అద్దం ముందు నుంచి కదల్లేదు. గాజులు అద్దం వైపు ఊపి ఆ చప్పుడు వింటూ నిలబడింది.

రాయదుర్గం నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. బడి గోడకు తెల్ల దుప్పటి కట్టి, ముందు స్టూలు వేశాడు. పేరు రాసిన పలక బిడ్డ ఛాతీ దగ్గర పట్టుకోవాలి. ముప్పై అయిదు మంది పిల్లలు వరుస కట్టారు. సుధాకర్ సార్ ఇంకా రాలేదు. ఎండ ఎక్కితే మొహాలు నల్లగా వస్తాయని ఫోటోగ్రాఫరు తొందరపెట్టాడు. సరే కానిమ్మన్నాను. వరుసలో ఎక్కడో మధ్యలో ఉన్న గంగమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి మొట్టమొదట కూర్చోబెట్టాను. నా పిల్ల కదా, మొదట ఉండాలి అనుకున్నాను. పువ్వులు వాడకముందే తీయించాలనుకున్నాను. తీశాడు. అప్పుడు వినబడింది సార్ మోటారు సైకిలు.

ఆయన బండి దిగుతూనే వరుస చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది? పెండ్లికి పిల్చుకొచ్చినావా పిల్లోల్లను?"

"ఫోటో కదా సార్..."

"పోటో ఎందుకో తెల్సునా నీకు? ఆ దేశంలో దొరసాని ఈ పోటో చూసి, ఈ బిడ్డకు కష్టముండాది అనుకోవల్ల. గొలుసేసుకున్న బిడ్డకు ఎవరిస్తారు దుడ్లు? వాలంటీరంటే కొంచెమన్నా బుద్ధుండొద్దా?"

చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వారు. పొద్దున నన్ను అడిగి నా చేతనే పిల్లలకు జడలు వేయించుకున్న ఆడవాళ్ళే. అందులో ఒకామె, "పెద్ద సదువుకున్న మనిషి కదా," అంది. ఆమె పేరు నాకు తెలుసు, రాయను. ఆమె మనవళ్ళు ఇది చదవొచ్చు.

సార్ హుకుం ఇచ్చాడు: మొహాలు కడగాలి, నగలు తీయాలి, పాత బట్టలు తొడగాలి. తల్లులు పరుగులు పెట్టారు. "మా ఇంట్లో చినిగింది లేదు సార్," అని ఒకామె కొంచెం గర్వంగానే చెప్పింది. "పక్కింట్లో అడుగు," అన్నాడు సార్. పొద్దున మంచి బట్టలు ఎరువు తెచ్చుకున్నట్టే ఇప్పుడు చినిగినవి ఎరువు తెచ్చుకున్నారు. భుజం దగ్గర చినిగిన ఒక గళ్ళ చొక్కా నలుగురు పిల్లల ఒంటి మీదికి ఎక్కి దిగింది. కొందరు పిల్లలు తమ పూలు పీకేస్తున్నందుకు ఏడ్చారు. ఫోటోకు ఆ ఏడుపు కూడా పనికొచ్చింది.

నేను గోడ పక్కకు పోయి నిలబడ్డాను. గంగమ్మ నా కొంగు పట్టుకుని, ఇంకా పావడాతోనే, గాజులు ఊపుకుంటూ నిలబడింది. అందరివీ అయిపోయాయి. ఫోటోగ్రాఫరు కెమెరా చూసుకుని, ముప్పై ఆరు ఫోటోల రీలులో ఇంకొకటి మిగిలిందని చెప్పాడు.

సార్ చుట్టూ చూశాడు. "ఇంగొకటి ఉండాదంట. ఎవరన్నా తప్పిపోయినారా? ఎవరిదన్నా బాగ రాలేదా?" అని గట్టిగా అడిగాడు. అడిగి నా వైపే చూశాడు.

ఈ కథ నేను చెప్పే తీరు ఒకటుంది. ఓబులేసుకు, మా చెల్లెలికి, స్టాఫ్ రూముల్లో తోటి టీచర్లకు నలభై ఏళ్ళుగా ఒకే తీరున చెప్పాను: ఆ మిగిలిన ఒక్క ఫోటో గంగమ్మకు మళ్ళీ తీయమని నేను బతిమాలాను, సార్ వినకుండా సర్పంచుతో కలిసి తాను దిగాడు. అది అబద్ధం. ఆయన అడిగాడు. నేను మొహం తిప్పుకున్నాను. ముందు నా దగ్గరికి వచ్చి, నన్ను పేరు పెట్టి పిలిచి, అన్న మాట తప్పని ఒప్పుకోనీ, అప్పుడు చెబుతాను అనుకున్నాను. ఒక్క మాట చాలు. "సార్, ఈ పిల్లది." అంతే. ఆ మాట నాలిక మీద ఉంది. గంగమ్మ చెయ్యి నా కొంగులో ఉంది. నేను గోడను చూస్తూ నిలబడ్డాను. ఎవరూ పలకకపోయేసరికి, చూడ్డానికి వచ్చిన మా ఊరి సర్పంచు దగ్గి, కండువా సర్దుకున్నాడు. ఫోటోగ్రాఫరు ఆయనను, సార్‌ను పక్కపక్కన నిలబెట్టి తీశాడు. రీలు అయిపోయింది.

సాయంత్రం నరసమ్మ చేను నుంచి నేరుగా వచ్చింది. చేతుల మట్టి కూడా కడుక్కోలేదు.

"అయిందా పోటో?"

"అయింది."

"బాగొచ్చిందా?"

"బాగొచ్చింది," అన్నాను.

కొన్ని నెలలకు కార్డులు వచ్చాయి. ముప్పై నాలుగు. గంగమ్మకు లేదు. ఆ రోజే ఆఫీసుకు ఉత్తరం రాశాను, నేను అడిగినా సార్ రెండో ఫోటో తీయించలేదని. ఈసారి జవాబు ఉత్తరంగా రాలేదు. సారే వచ్చాడు. కొట్టంలో పిల్లలు నాయన పరుపుల మీద నిద్రపోతున్నారు. ఆయన నా ఉత్తరం జేబులోంచి తీసి, తగ్గు గొంతుతో, "నువ్వు అడిగినావామ్మా?" అన్నాడు.

"అడిగినా," అన్నాను.

ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే ఏడాది జాబితాలో మొదటి పేరు ఈ పాపదే రాస్తాం," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నో సమావేశాల్లో ఎదురుపడ్డాం. నేను అబద్ధమాడానని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన మీద నాకు ఇంకో కోపం మిగిలి ఉండేది, బతకడానికి అది కొంచెం సులువుగా ఉండేది.

వచ్చే ఏడాదిదాకా నరసమ్మ ఎక్కడ ఆగుతుంది? కార్డులు వచ్చిన పది రోజులకు మూట కట్టింది. పొద్దుటి బస్సుకు నేనూ పోయాను. గంగమ్మ పలకను మూటలో పెట్టనివ్వక చంకలో పెట్టుకుంది. బస్సు ఎక్కడం మొదటిసారి కాబట్టి ఆ పిల్లకు అంతా సంబరంగా ఉంది. నరసమ్మ తిట్టలేదు, ఏడవలేదు. మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, "బాగొచ్చింది అంటివి కదమ్మా," అంది. కండక్టరు తలుపు వేశాడు. నా బతుకులో ఎవరూ నన్ను అంతకంటే పెద్ద మాట అనలేదు. దానికి మాత్రం నేను ఎక్కడా ఫిర్యాదు రాయలేకపోయాను.

తర్వాత నాకు ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. జిల్లా నాలుగు మూలలా తిరిగాను. యాడికి అనే ఊరి దగ్గర ఒక బడిలో ఆరేళ్ళు చేశాను. అక్కడ వేసవి రాకముందే తరగతిలో సగం మంది కనబడేవారు కాదు. హాజరు పుస్తకంలో వాళ్ళ పేర్ల ఎదురుగా "వలస" అని రాసేదాన్ని. వలస పోయి తిరిగొచ్చిన ప్రతి కుటుంబాన్నీ నరసమ్మ గురించి అడిగాను. బెంగళూరు ఎంత పెద్దదో తెలియని దాన్నేం కాదు, అయినా అడిగాను. నాయన పోయాడు. విల్లు మా చెల్లెలి కొడుకు పాత ఇనుము, కట్టెలు కొనేవాడికి ఇచ్చేశాడు. ఇప్పుడు పరుపులు అంగట్లో చుట్టలు చుట్టి అమ్ముతారు. వాటికి ఏ ఇంటి వాసనా ఉండదు. బోర్లు వెయ్యి అడుగులు దిగినా నీళ్ళు పడని చోట దానిమ్మ తోటలు పెట్టి అప్పులపాలైన వాళ్ళను చూశాను. పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. మధ్యాహ్నం బడిలో అన్నం, వారానికి కొన్ని రోజులు గుడ్డు కూడా వచ్చాయి. అన్నీ వచ్చాయి, కాదనను. ఒక్కటి మాత్రం మారలేదు. ఆ సంగతి నాకు అనంతపురంలో తెలిసింది.

రిటైరై అనంతపురంలో స్థిరపడినాక, ఊరి చివరనున్న ఒక పిల్లల ఆశ్రమానికి ప్రతి మంగళవారం పోతున్నాను. చదవడం రాని పిల్లలకు చదువు చెబుతాను, పింఛనులో కొంత ఇస్తాను. అక్కడ కూడా ఫిర్యాదులు చేస్తూనే ఉన్నాను. పప్పు నీళ్ళలా ఉందని, మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని. నన్ను చూస్తే ఆఫీసు కుర్రవాడు కిరణ్ ముందే నిట్టూరుస్తాడు. ఇక్కడ పద్ధతి ఏమిటంటే, చేరడానికి వచ్చిన బిడ్డ ఫోటోను ఫోన్లో తీసి దాతలకు పంపుతారు. ఎవరో ఒకరు ఆ బిడ్డ ఖర్చు ఒప్పుకుంటేనే చేర్చుకుంటారు.

పోయిన నెల ఒక మంగళవారం ఒక ముసలామె వచ్చి బెంచీ మీద కూర్చుంది. పక్కన ఆరేళ్ళ ఆడపిల్ల. దానికి తల రేగి ఉంది, గౌను చంక కింద చినిగి ఉంది. మోకాళ్ళకు మట్టి. అది ఎండిన మట్టి కాదు, అప్పుడే పూసినట్టు తడిగా ఉంది. నేను దరఖాస్తు నింపుతూ అవ్వ పేరేమని అడిగాను. గంగమ్మ అంది. తన తల్లి పేరు నరసమ్మ అంది. ఊరు అడగకుండానే నాకు తెలిసింది. ముసలామె అనుకున్నాను గానీ, నాకంటే పదేళ్ళు పైన చిన్నది. కుడిచేతి రెండు వేళ్ళు సగానికి లేవు. సిమెంటు కలిపే మిషనులో పోయాయట.

"నేను హుసేనమ్మను," అన్నాను. "హుసేనక్కను."

కళ్ళు చిట్లించి చూసింది. "ఓయమ్మా. ఇంత తెల్లగ నెరిసినావే," అని నవ్వింది. పళ్ళు నల్లగా ఉన్నాయి.

నరసమ్మ ఎప్పుడో బిల్డింగుల కాడే పోయిందట. గంగమ్మ కూతురు ఈ బిడ్డను వదిలి ఇంకొకరితో పోయిందట. తనకు పని చేయడానికి చేతులు ఇంక చాలవు, అందుకని వచ్చింది. ఇవన్నీ ఎవరిదో కథ చెప్పినట్టు చెప్పింది. చదువు ఏమైనా వచ్చిందా అని అడిగాను. బస్సుల మీద పేర్లు కూడబలుక్కుంటానంది. ఆ పిల్ల పక్కనున్న సంచిలోకి చెయ్యి పెడుతూ, "అవ్వా, ఎర్రగౌను ఏసుకుంటా," అని సణిగింది. సంచిలో ఇస్త్రీ మడత నలగని ఎర్ర గౌను ఉంది.

"పోటో అయినాంక ఏస్తాలే, ఊరికుండు," అని దాని చెయ్యి లాగి, నాతో, "ముస్తాబు చేస్తే తీసుకోరక్కా. నాకు తెల్సు కదా," అంది.

అంత మామూలుగా అంది. అందులో నా మీద ఏమీ లేదు. నేను వెతికాను. జీవితమంతా మాటల్లో ముల్లు వెతికి పట్టుకున్న దాన్ని, ఆ మాటలో ఎంత వెతికినా దొరకలేదు.

"గంగమ్మా, ఆ పొద్దు ఇంకొక ఫోటో మిగిలింది. నేను..." అన్నాను.

"అయ్యన్నీ ఇప్పుడెందుకులేక్కా. బస్సు పోతాది, ఈ పోటో తియ్యి," అంది.

కిరణ్ లేడు. ఫోన్ నా చేతిలోనే ఉంది. ఆ పిల్లను గోడ ముందు నిలబెట్టాను. ఈ కాలపు పిల్ల కదా, ఫోన్ పైకెత్తగానే తల పక్కకు వాల్చి, రెండు వేళ్ళు చెంప దగ్గర పెట్టి, ముందు పళ్ళు లేని నోటితో నవ్వింది. గంగమ్మ, "నగొద్దు మే," అని కసిరింది. పిల్ల వినలేదు. ఫోన్ అంటే నవ్వాలని దానికి తెలుసు. నేను ఫోన్ దించాను. దగ్గరికి పోయి ఆ వేళ్ళు చెంప మీది నుంచి తీసి కిందికి దించి, "నవ్వొద్దమ్మా," అన్నాను. అది నా మొహం చూసి నవ్వు ఆపేసింది. ఏం తప్పు చేశానా అన్నట్టు చూసింది. అప్పుడు తీశాను.

నాలుగు రోజుల్లో దాత దొరికాడు. పిల్లను చేర్చుకున్నారు. కిరణ్ ఫోన్ చేసి, "మేడమ్, శానా బాగొచ్చింది ఫోటో. చూస్తానే ఒప్పుకున్యారు. ఇంకమీద అందరివీ మీరే తీయండి," అన్నాడు. నలభై ఏళ్ళలో ఇట్లాంటి ఏ ఆఫీసు నుంచైనా నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. కాదనలేకపోయాను. పోయిన మంగళవారం అక్కాచెల్లెళ్ళు ఇద్దరు వచ్చారు. వాళ్ళమ్మ తెల్లవారకముందే లేచి తలలు దువ్వినట్టుంది, నూనె ఇంకా చెవుల వెనక మెరుస్తోంది, ఒక్క వెంట్రుక చెదరలేదు. ఆ రెండు జతల జడలూ నేనే విప్పాను.